నీలం బ్యాటరీ ముందు తీసెయ్యండి, గడియారం సంగతి తర్వాత

ప్రశ్న: మా నాన్నగారు 1990లలో తెనాలిలో తెలుగు టైపింగ్ జాబ్‌వర్క్ సెంటర్ నడిపేవారు. ఆయన వాడిన 486 కంప్యూటర్ పాతికేళ్ళుగా అటక మీదే ఉంది. లోపల తెలుగు అక్షరాలు చూపించే జిస్ట్ కార్డు కూడా ఉంది. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు దించి ఆన్ చేశాను. తెర వెలిగింది కానీ ‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్’ అని ఆగిపోయింది. తేదీ 1980 జనవరి 1 అంటోంది. హార్డ్ డిస్క్ లేదంటోంది. కీబోర్డు ఒకసారి పలుకుతోంది, ఒకసారి పలకడం లేదు. మాకు తెలిసిన మెకానిక్ చూసి, కీబోర్డు సాకెట్ పక్కనున్న నీలం గొట్టం లాంటి బ్యాటరీ పోయిందనీ, దాన్ని పీకి అక్కడే ఒక బటన్ సెల్లు అతికిస్తే సరిపోతుందనీ అన్నాడు. బ్యాటరీ చుట్టూ పచ్చగా ఏదో పేరుకుంది. అది ఆసిడ్ అట, వంటసోడా నీళ్ళతో కడగమన్నాడు. అలా చెయ్యవచ్చా? ఇంట్లో ఇంకో పాత కంప్యూటర్ కూడా ఉంది. దాన్లో బ్యాటరీ అనేదే ఎక్కడా కనబడలేదు, టైము మాత్రం నిలవదు. నాన్నగారికి ఇప్పుడు 76 ఏళ్ళు. ఆయన టైపు చేసిన ఫైళ్ళు ఆయనకి మళ్ళీ చూపించాలని ఉంది.
– తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇది చదవడం పూర్తయ్యేదాకా ఆ కంప్యూటర్ మళ్ళీ ఆన్ చెయ్యకండి. ప్లగ్గు పీకి పక్కన పెట్టండి. మీ మెకానిక్ చెప్పినవాటిలో మొదటి మాట నిజమే, ఆ నీలం బ్యాటరీయే దీనికంతటికీ మూలం. బటన్ సెల్లు నేరుగా అతికించడం, వంటసోడాతో కడగడం మాత్రం రెండూ వద్దు. ఆయన్ని తప్పు పట్టనక్కర్లేదు. ఇప్పటి బోర్డుల మీద పనిచేసేవాళ్ళకి ఈ రకం బ్యాటరీ చేతికి తగలనే తగలదు.

మీరు అడిగింది గడియారం గురించి. నా కంగారు దాని గురించి కాదు. గడియారం ఆగితే తేదీ తప్పు చూపిస్తుంది, అంతే. బ్యాటరీ కారితే బోర్డే పోతుంది. అటకెక్కిన పాత కంప్యూటర్లలో బాగుచెయ్యడానికి వీల్లేనంతగా పాడైనవాటిని తెరిచి చూస్తే, ఎక్కువసార్లు ఈ వేలెడంత గొట్టమే కారణమని తేలింది నాకు.

ఆ బ్యాటరీ అక్కడ ఎందుకుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీలో గడియారం లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ తేదీ, టైము అడిగేది, మనం కొట్టేవాళ్ళం. 1984లో వచ్చిన పీసీ ఏటీలో మోటరోలా వారి 146818 అనే చిప్పు పెట్టారు. అందులో గడియారంతో పాటు 64 బైట్ల చిన్న మెమరీ ఉంటుంది, మీ తెర మీద ‘సీమాస్’ అన్నది దీన్నే. 14 బైట్లు గడియారానివి. మిగతా 50లో ఏ హార్డ్ డిస్క్ ఉంది, ఏ ఫ్లాపీ ఉంది, మెమరీ ఎంత అనే లెక్కలుంటాయి. పక్కనే సన్నటి డబ్బీలా మెరిసే క్రిస్టల్ సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెని పదిహేనుసార్లు సగం చేస్తూ పొండి, ఒకటి మిగులుతుంది. అదే సెకను. ఆ తర్వాతి బోర్డులన్నీ ఇదే పద్ధతి పట్టుకున్నాయి, మీ 486 కూడా. కరెంటు లేనప్పుడు వీటన్నిటినీ బతికించి ఉంచేది ఆ బ్యాటరీ. అది చచ్చిపోగానే లెక్కలన్నీ చెరిగిపోతాయి. డాస్ క్యాలెండర్ మొదలయ్యేదే 1980 జనవరి 1న కాబట్టి మీకా తేదీ కనబడింది. హార్డ్ డిస్క్ లేదనడానికి కూడా కారణం ఇదే కావచ్చు. డిస్క్ పోయిందని ఇప్పుడే దిగులు పడకండి.

ఇక ఆ నీలం గొట్టం. అది నికెల్-కాడ్మియం బ్యాటరీ. 1.2 వోల్టుల సెల్లులు మూడు వరసగా పేర్చి పైన ప్లాస్టిక్ తొడుగు వేస్తారు, మొత్తం 3.6 వోల్టులు. ఇది ఛార్జ్ అయ్యే రకం. కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ బోర్డే దానికి సన్నగా ఛార్జి ఎక్కిస్తుంటుంది. నాన్నగారు రోజూ సెంటర్ తెరిచినన్నాళ్ళూ దానికి ఏ లోటూ రాలేదు. అటకెక్కాక పూర్తిగా దిగిపోయింది, ఏళ్ళు గడిచేకొద్దీ సీలు వదులై లోపలి ద్రవం బయటికొచ్చింది. మీరు ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ కారుతున్న బ్యాటరీకే మళ్ళీ ఛార్జి ఎక్కించబోయింది. పైగా తడి పట్టిన ట్రాకుల మీద, అంటే బోర్డు మీది సన్నటి రాగి దారుల మీద, కరెంటు పారితే రాగి ఇంకా వేగంగా తినేస్తుంది. వద్దన్నది అందుకే.

ఆ ద్రవం ఆసిడ్ కాదు. పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే ఘాటైన క్షారం. కారు బ్యాటరీలో ఉండేది ఆసిడ్, అక్కడ వంటసోడా సరైన విరుగుడు. ఇక్కడ సోడా వేస్తే క్షారానికి క్షారమే తోడవుతుంది. దీనికి కావలసింది పులుపు. పచ్చగా పేరుకున్నది రాగిచెంబుకి పట్టే చిలుము లాంటిదే, చెంబుకైతే చింతపండు పెట్టి తోముతాం. కానీ బోర్డుకి చింతపండూ నిమ్మకాయా వద్దు. పిప్పీ తీపీ చిప్పుల కాళ్ళ మధ్య ఉండిపోయి తేమ పీల్చుకుంటాయి. కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్ తెచ్చుకోండి, రంగు వేసిందీ మసాలా కలిపిందీ కాదు.

విప్పేముందు ఫోనుతో ఫోటోలు తియ్యండి, ఎన్ని తీస్తే అంత మంచిది. ఏ కేబుల్ ఎటు తిరిగి ఉంది, రిబ్బన్ కేబుల్ మీద ఎర్రగీత ఏ వైపుంది, జంపర్లు (పిన్నులకి తొడిగే చిన్న మూతలు) ఎక్కడెక్కడున్నాయి, టర్బో లైటు వైర్లు ఎక్కడికి వెళ్తున్నాయి, అన్నీ కనబడాలి. జిస్ట్ కార్డు బయటికి తీసి విడిగా పెట్టండి. బోర్డుకి కరెంటు తెచ్చే కనెక్టర్లు రెండుంటాయి, పీ8, పీ9 అంటారు. తిరిగి పెట్టేటప్పుడు రెండింటిలోని నల్లవైర్లూ మధ్యలో పక్కపక్కన రావాలి. తారుమారు చేసి ఆన్ చేస్తే ఇంతవరకూ బతికిన బోర్డు ఆ క్షణంలో పోతుంది. ఆ ఒక్క ఫోటో దగ్గర్నుంచి తియ్యండి.

బోర్డు బయటికి వచ్చాక బ్యాటరీ తీసెయ్యాలి. దాన్ని సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి లాగొద్దు. చిలుము పట్టిన చోట సీసం కరగనని మొరాయిస్తుంది, బలవంతం చేస్తే ట్రాకు కూడా ఊడివస్తుంది. కటింగ్ ప్లేయర్‌తో కాళ్ళు కత్తిరించెయ్యండి, మొండేలని తర్వాత నిదానంగా తియ్యవచ్చు. ఏ కాలు ప్లస్సో, ఏది మైనస్సో ముందే బోర్డు మీద స్కెచ్ పెన్‌తో రాసుకోండి. చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు ఉండాలి. ఆ ద్రవం కంట్లో పడితే ప్రమాదం, కాడ్మియం ఒంటికి మంచిది కాదు. తీసిన బ్యాటరీని మూత ఉన్న డబ్బాలో వేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి. చెత్తబుట్టలోనూ కాలవలోనూ వెయ్యకండి.

ఇప్పుడు కడగడం. ఇక్కడ తొందరపడ్డవాళ్ళే ఎక్కువ నష్టపోతారు. పాత టూత్‌బ్రష్‌ని వెనిగర్‌లో ముంచి పచ్చటి చోట్ల అద్దండి. చిన్నచిన్న బుడగలొస్తాయి. రుద్దండి, గుడ్డతో అద్దండి, మళ్ళీ వెనిగర్ పెట్టండి. బుడగలు ఆగేదాకా ఇలా చెయ్యాలి, ఒక్కసారితో అయిపోదు. బోర్డు తిరగేసి అడుగువైపు కూడా చూడండి. క్షారం కన్నాల గుండా అవతలికి పాకుతుంది. పని అయ్యాక వెనిగర్ మిగలకూడదు, మిగిలితే అదీ తినేస్తుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడిగి, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఫ్యాను కింద ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. తెనాలి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రెండు రోజులే అనుకోండి.

ఆరాక భూతద్దం పట్టుకుని కూర్చోండి. బోర్డు మీది పచ్చ పూత కింద ట్రాకులు నున్నగా, లేతరంగులో మెరుస్తుంటే అవి బాగున్నట్టు. నల్లబడి, పూత పొక్కులు లేచి ఉంటే కింద రాగి తినేసి ఉంటుంది. అనుమానం ఉన్న ప్రతి ట్రాకుకీ ఈ చివరా ఆ చివరా మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి చూడండి, బీప్ వస్తే ట్రాకు తెగలేదన్నట్టు. మీ కీబోర్డు పలికీ పలకకుండా ఉండడం నాకు ఆశ్చర్యం అనిపించలేదు. చాలా బోర్డుల్లో కీబోర్డు కంట్రోలర్ చిప్పు ఈ బ్యాటరీకి పక్కనే ఉంటుంది, కారినప్పుడు మొదట దెబ్బతినేది అదే. ఆ చిప్పు సాకెట్‌లో ఉంటే సన్నటి స్క్రూడ్రైవర్‌తో రెండువైపులా మార్చి మార్చి లేపి బయటికి తీసి, సాకెట్ లోపల కూడా శుభ్రం చెయ్యండి.

నా దగ్గరకొచ్చిన ఒక 386 బోర్డు కథ చెప్తాను. కీబోర్డు అసలు పలికేది కాదు. పైకి అన్నీ బాగానే ఉన్నాయి, బ్యాటరీ కింద నాణెమంత మచ్చ తప్ప. ఒక సాయంత్రమంతా ఒక్కో ట్రాకూ పట్టుకుని వెళ్తే కీబోర్డు సాకెట్ నుంచి కంట్రోలర్‌కి వెళ్ళే దారిలో ఒక కన్నం దగ్గర బీప్ ఆగిపోయింది. సూదిమొన అంత కన్నం, లోపలి రాగి పూత మొత్తం తినేసింది. వెంట్రుక లాంటి సన్నటి వైరు ఒకటి అటు నుంచి ఇటు సోల్డర్ చేశాను. అంతే, కీబోర్డు పలికింది. ఇంకో బోర్డుని మాత్రం కాపాడలేకపోయాను. ‘వచ్చే వారం చూద్దాం’ అని బ్యాటరీ తియ్యకుండా అలమరాలో పెట్టాను. ఆరు నెలలయ్యాక తీసేసరికి చిలుము స్లాట్ల కింద దాకా పాకింది. ఆ బోర్డు ఇచ్చినాయనకి ఏం చెప్పాలో తెలియలేదు. అందుకే మీ ఉత్తరం చదవగానే మొదటి మాట అది రాశాను.

తెగిన ట్రాకు అతికేటప్పుడు నల్లబడ్డ రాగికి సీసం పట్టదు. దాని మీది పూతని బ్లేడుతోనో సన్నటి ఎమరీ పేపర్‌తోనో రాగి ఎర్రగా కనబడేదాకా గీకి, సోల్డరింగ్ పేస్ట్ రాసి పల్చగా సీసం పూసి, అప్పుడు వైరు పెట్టండి. చెయ్యి తిరగనివాళ్ళకి ఇది కష్టమే. ఈ ఒక్క పనికి మంచి మొబైల్ రిపేర్ మెకానిక్‌ని అడగండి. వాళ్ళకి మైక్రోస్కోప్ ఉంటుంది, ఇంతకంటే సన్నపని రోజూ చేస్తుంటారు.

ఇప్పుడు బటన్ సెల్లు. సీఆర్2032 లిథియం సెల్లు, 3 వోల్టులు, ఛార్జ్ కాని రకం. పాత బ్యాటరీ కాళ్ళున్న చోటే దీన్ని పెడితే బోర్డుకి ఆ తేడా తెలియదు, మునుపటిలాగే ఛార్జి ఎక్కించబోతుంది. లిథియం బటన్ సెల్లు దానికి తట్టుకోదు. ఉబ్బుతుంది, కారుతుంది, పగలనూ వచ్చు. కాబట్టి మధ్యలో ఒక డయోడ్ కావాలి, సెల్లు నుంచి బోర్డుకి కరెంటు వెళ్ళనిచ్చి తిరిగి రానివ్వకుండా. 1ఎన్4148 చాలు, ఎలక్ట్రానిక్స్ కొట్లో ఒకటి రెండు రూపాయలుంటుంది. హైదరాబాద్ వస్తే కోఠీ గుజరాతీ గల్లీలో సెల్లు హోల్డరు, డయోడ్, వైరు అన్నీ ఒక్క కొట్లోనే దొరుకుతాయి. డయోడ్ మీద ఒక చివర నల్లటి గీత ఉంటుంది. గీత ఉన్న చివర బోర్డు ప్లస్ వైపు, గీత లేని చివర హోల్డరు ప్లస్ వైపు. హోల్డరు మైనస్ నేరుగా బోర్డు మైనస్‌కి. సెల్లుకే నేరుగా సీసం పెట్టొద్దు, ఆ వేడికి లోపల పాడవుతుంది. హోల్డరుకి అరమూర వైరు పెట్టి, దాన్ని బోర్డుకి దూరంగా క్యాబినెట్ గోడకి అంటించండి. రేపు ఇది కారినా ఇనప రేకు మీదే కారుతుంది.

సెల్లు వేసేముందు ఒక పరీక్ష తప్పకుండా చెయ్యండి. హోల్డరు ఖాళీగా ఉంచి కంప్యూటర్ ఆన్ చేసి, హోల్డరు రెండు కొనల మధ్య వోల్టేజి చూడండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. నాలుగో అయిదో వోల్టులు కనబడితే డయోడ్ తిరగబడింది, తీసి సరిగ్గా పెట్టండి. తర్వాత కంప్యూటర్ ఆపి, సెల్లు వేసి, బోర్డు వైపు కొలవండి. ఇంత సన్న కరెంటులో డయోడ్ తినేది సుమారు 0.4 వోల్టులు కాబట్టి 2.7, 2.8 దాకా కనబడితే సరే. కొన్ని బోర్డులకి అంత తక్కువ సరిపోదు, రాత్రి దాటేసరికి లెక్కలు మర్చిపోతాయి. అలాంటప్పుడు గోడగడియారం సైజు ఆల్కలైన్ సెల్లులు మూడు హోల్డరులో పెట్టి 4.5 వోల్టులు ఇవ్వండి, డయోడ్ మాత్రం ఉండాల్సిందే. ఇవీ కారే రకమే కాబట్టి ఏటా ఉగాదికి మార్చేస్తుండండి.

ఇదంతా మొదలుపెట్టేముందు ఒకసారి బోర్డు మీద నాలుగు పిన్నుల చిన్న కనెక్టర్ కోసం వెతకండి. ‘ఎక్స్‌టర్నల్ బ్యాటరీ’ అనో దాన్ని కుదించో రాసి ఉంటుంది, బ్యాటరీకి దగ్గర్లోనే. చాలా బోర్డుల్లో ఆ దారిలో డయోడ్ ముందే ఉంటుంది, ఛార్జి బయటికి రాదు. అయినా నమ్మకం మీద వదిలెయ్యకుండా మీటర్‌తో పైన చెప్పిన పరీక్షే చెయ్యండి. అది ఉంటే మీకు సగం పని తగ్గినట్టు.

సంక్రాంతికి ఇల్లంతా పిల్లలుంటారు కదా. బటన్ సెల్లు, పాతదైనా సరే, నేల మీద పడనివ్వకండి. పిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

రెండో కంప్యూటర్లో బ్యాటరీ కనబడకపోవడానికి కారణం అది చిప్పు లోపలే ఉండడం. బోర్డు మీద మిగతావాటికంటే ఎత్తుగా, నల్ల దిమ్మలా ఉన్న చిప్పు వెతకండి. ‘డాలస్’ అనీ ‘డీఎస్1287’ అనో ‘డీఎస్12887’ అనో రాసి ఉంటుంది. గడియారం, క్రిస్టల్, లిథియం సెల్లు మూడూ కలిపి పోత పోసేశారు. పదేళ్ళు నడుస్తుందని చేసింది, అంతకు రెండింతలు దాటిపోయింది. మంచి సంగతేమిటంటే ఇది మామూలుగా కారి బోర్డుని తినదు, కాబట్టి దీనికి తొందర లేదు. చిప్పు సాకెట్‌లో ఉంటే కొత్తది మార్చుకోవచ్చు. కానీ పాతవాటికి పైన కొత్త ముద్ర వేసి అమ్మేవాళ్ళున్నారు, నమ్మకమైన చోటే కొనండి. ఇంకో దారి ఆ దిమ్మని పక్కనుంచి గీకి 16, 20 నంబర్ల కాళ్ళని బయటపెట్టడం. 16 మైనస్, 20 ప్లస్. లోపలి సెల్లుకి వెళ్ళే రేకుల్ని కత్తిరించి, అక్కడ సీఆర్2032 హోల్డరు పెడతారు. ఈ చిప్పు సెల్లుకి ఛార్జి ఎక్కించదు, డయోడ్ అక్కర్లేదు. గీకేటప్పుడు ముక్కుకి మాస్కు పెట్టుకోండి.

మళ్ళీ మీ 486 దగ్గరికి వద్దాం. బోర్డు సిద్ధమయ్యాక సెటప్‌లోకి వెళ్ళి హార్డ్ డిస్క్ వివరాలు ఇవ్వాలి. డిస్క్ మీది కాగితంలో సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు అని మూడు అంకెలుంటాయి. 47వ టైపు ఎంచుకుని ఆ మూడూ కొట్టండి. కొన్ని బయాస్‌లు (ఆన్ చెయ్యగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) తమంతట తామే కనిపెడతాయి, ‘ఆటో డిటెక్షన్’ అని ఉంటుంది చూడండి. అయితే నాన్నగారి రోజుల్లో వేరే అంకెలు పెట్టి ఫార్మాట్ చేసి ఉండవచ్చు. డైరెక్టరీ చూస్తే చెత్త అక్షరాలు కనబడితే ఆ డిస్క్ మీద ఏమీ రాయకండి, డిస్క్ తప్పులు దిద్దే స్కాన్‌డిస్క్ ప్రోగ్రాం నడపకండి, అంకెలే మార్చి చూడండి. తప్పు అంకెలతో చదివితే పోయేదేం లేదు, రాస్తేనే పోతుంది. ఆ గడియారం చిప్పు సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచుకుంటుంది కాబట్టి ఈ ఏడాది పెడితే కొన్ని బయాస్‌లు వందేళ్ళు వెనక్కి తీసుకెళ్తాయి. అప్పుడు డాస్‌లో తేదీ చేత్తో కొట్టుకోండి.

నిజానికి ఏడాదికి రెండుమూడుసార్లు నాన్నగారికి చూపించడానికే అయితే అసలు బ్యాటరీయే పెట్టకండి. ఆ మూడంకెలూ ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ మూతకి లోపలివైపు అంటించండి. ఆన్ చేసిన ప్రతిసారీ కొట్టుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. నా దగ్గరున్న పాత బోర్డులు ఇప్పుడన్నీ అలాగే ఉన్నాయి.

ఫైళ్ళు కనబడగానే మొదట ఫ్లాపీకో వేరే డిస్కుకో నకలు తీసుకోండి. జిస్ట్ కార్డుతో టైపు చేసినవి ‘ఇస్కీ’ కోడ్‌లో ఉంటాయి, 1991లో ఐఎస్ 13194గా ప్రమాణమైన కోడ్ అది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాల వరసకి మూలం కూడా ఇస్కీయే, అందుకని మార్చడం పెద్ద కష్టం కాదు. ఇప్పటి ఫోనులో నేరుగా తెరిస్తే మాత్రం పిచ్చి గీతలు కనబడతాయి, పోయాయనుకోకండి. బోర్డు రెండువైపులా ఫోటోలు, కీబోర్డు సాకెట్ దగ్గరిది కాస్త పెద్దగా, కడగడం పూర్తయ్యాక పంపండి. ఏ ట్రాకు ఎక్కడికి వెళ్తోందో నేనూ చూస్తాను. ఫైళ్ళ పేర్ల చివర చుక్క తర్వాత ఏ మూడక్షరాలున్నాయో కూడా రాయండి.